ప్రసంగపీఠము - వోటుపెట్టె



మర్రిపాడు సీమవారికి అమెరికా యెన్నికలతో నేమి పని యని మీలో కొందరు నవ్వవచ్చును. ఉదయగిరి కొండకును ఆత్మకూరునకును నడుమ మెట్టపొలములు దున్నుకొనుచు, వానకొరకు ఆకాశమువంక జూచు మనకు, వాషింగ్టను పట్టణమున నెవరు గద్దె యెక్కిననేమి యని తోచుట సహజమే. అయినను ఆ దేశపు మతమునకును మన సీమకును గల చుట్టరికము నేటిది కాదు. శామ్యూల్ డే యను బాప్టిస్టు దొర 1840లో నెల్లూరు చేరి మిషను స్థాపించెను. ఆ మిషనువారే 1885లో ఉదయగిరియందును, 1893లో ఆత్మకూరునందును తమ కేంద్రములను నెలకొల్పిరి. వారి బడులలో అక్షరములు దిద్దినవారి మనుమలు నేడును మన యూళ్లలో నున్నారు. ఇక రెండవ చుట్టరికము క్రొత్తది. మన జిల్లా పిల్లలు అమెరికాకు బోయి, అచ్చటి పౌరులై, అచ్చటి వోటు వేయుచున్నారు. అచ్చటి బడులలో మన మనుమలు చదువుచున్నారు. కావున ఆ దేశమున ప్రసంగపీఠమునకును వోటుపెట్టెకును గల సంబంధ మెట్టిదో తెలిసికొనుట వృథాశ్రమ కాదు.

ముందుగా ఈ బాప్టిస్టు లెవరో చెప్పవలెను. ఇంగ్లండున రాజుగారి మతమే ప్రజల మతముగా నుండవలెనని శాసనమున్న కాలమున, అట్లు కుదరదని యెదురు తిరిగినవారిలో వీరొకరు. పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చుట వీరికి సమ్మతము కాదు. వయసు వచ్చి, తెలివి కలిగి, తానై నమ్మినవాడే నీట మునుగవలెను. మతము ఎవరికి వారు ఎంచుకొనవలసినదే గాని ప్రభుత్వము మెడకు గట్టునది కాదను మాట దీనినుండియే పుట్టినది. రోజర్ విలియమ్సు అను బోధకుడు ఈ మాటయే చెప్పి మసాచుసెట్సు సీమనుండి వెళ్లగొట్టబడి, 1636లో ప్రావిడెన్సు అను క్రొత్త యూరు కట్టెను. అమెరికా రాజ్యాంగమున ఏ యుద్యోగమునకును మతపరీక్ష యుండరాదని వ్రాసికొనిరి. 1791లో చేర్చిన మొదటి సవరణచేత ప్రభుత్వము ఏ మతమును స్థాపింపరాదనియు, ఎవరి మతమునకును అడ్డు రాగూడదనియు నిర్ణయించిరి. 1801లో కనెక్టికటు రాష్ట్రమందలి డాన్‌బరీ బాప్టిస్టులు, తమ సీమలో వేరొక సంఘమువారి పెత్తనము తమకు భారముగా నున్నదని అధ్యక్షుడు జెఫర్సనుకు వ్రాసికొనిరి. ఆయన 1802 జనవరి 1వ తేదీని ఇచ్చిన జవాబులో మతసంఘమునకును ప్రభుత్వమునకును నడుమ గోడ యను మాట వాడెను. ఆ గోడను గూర్చిన వాదము అమెరికా న్యాయస్థానములలో నేటికిని నడచుచునే యున్నది. అట్టి గోడ కావలెనని మొదట గొంతెత్తినవారిలో బాప్టిస్టులు ముందుండిరని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ముందు కథకు ఇది కావలెను.

1845లో ఆ బాప్టిస్టులు రెండుగా చీలిరి. నీగ్రో బానిసలను గలవానిని మిషనరీగా పంపవచ్చునా కూడదా యనునది తగవు. కూడదన్నవారు ఉత్తరాదివారు, పంపవచ్చుననిన దక్షిణాదివారు వేరుపడి సదరన్ బాప్టిస్టు కన్వెన్షను స్థాపించుకొనిరి. ఇరుపక్షములవారును ఒకే గ్రంథమునుండి వాక్యములు తీసి చూపిరి. మన నెల్లూరు మిషను ఉత్తరాదివారిది. పనికి ఫలము కానరాక 1853లో దానిని మూసివేయుదమా యని అమెరికాలో సభ జరిగినప్పుడు, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనునాయన ఒంటినక్షత్రమని పేరుపెట్టి దానిపై ఒక పద్యము వ్రాసెను, మిషను నిలిచినది. అమెరికావారు దేశభక్తిగీతముగా పాడుకొను పాట యొకటి కూడ ఈయన రచనయే. తరువాత 1876 నుండి మూడేండ్లు పీడించిన కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో కొంతభాగము కంట్రాక్టు తీసికొని కూలి చూపినదియు, 1878 జూలై 3వ తేదీని ఒక్కదినమున 2222 మందికి బాప్తిస్మ మిచ్చినదియు మన పెద్దలు వినియున్న కథలే.

ఇక మూలవాదము సంగతి. పందొమ్మిదవ శతాబ్దమున డార్విను జీవపరిణామమును గూర్చి వ్రాసెను. జర్మనీ పండితులు బైబిలును తక్కిన ప్రాచీనగ్రంథములవలె పరిశోధింప దొడగిరి. అందుచేత అమెరికా సంఘములలో కలవరము పుట్టెను. కాలిఫోర్నియాలో పెట్రోలియము బావులవలన ధనవంతుడైన లైమన్ స్టూవర్టు డబ్బు పెట్టి, 1910 నుండి 1915 వరకు మూలసూత్రములను పేర 12 సంపుటములు అచ్చువేయించి బోధకులకు ఉచితముగా పంచిపెట్టెను. గ్రంథమున తప్పు లేదు, యేసు కన్యకకు జన్మించెను, పాపులకొరకు మరణించెను, శరీరముతో లేచెను, మరల వచ్చును అను నమ్మకములను అణుమాత్రము సడలింపరాదని వీరి పట్టుదల. 1920లో ఒక బాప్టిస్టు పత్రికా సంపాదకుడు కర్టిస్ లీ లాస్ ఈ పక్షమువారికి ఫండమెంటలిస్టులని పేరుపెట్టెను. అది తిట్టుగా బుట్టిన పేరు కాదు, వారు గర్వముగా దాల్చిన పేరు. మనలో వడగల తెంగల నామములను గూర్చి తరతరములుగా జరిగిన తగవులు తెలిసినవారికి ఇందలి వేడి అర్థమగును. ఆ వేడి మన మిషనులవరకును పాకెను. విదేశములకు పంపిన మిషనరీల నమ్మకములు సరిగా నున్నవో లేవో చూచుటకు ఉత్తరాది బాప్టిస్టులు 1924లో ఒక విచారణసంఘమునే వేసిరి.

ఈ నమ్మకములు సరియైనవా కావా యనునది మన విచారణ కాదు. అది నమ్మినవారికిని వారి దేవునికిని సంబంధించినది. నమ్మకము వోటుగా మారిన విధమే మనకు కావలసినది. ఆ విద్య మూలవాదులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. మద్యనిషేధము చేసినవారియొద్ద నేర్చుకొనినది.

ఆత్మకూరులో మిషను వెలసిన 1893వ సంవత్సరమందే అమెరికాలో ఓహాయో రాష్ట్రమున సారాదుకాణ వ్యతిరేకసంఘ మొకటి పుట్టెను. అంతకు ముందే, 1874 నాటినుండి, క్రైస్తవస్త్రీల మద్యనిషేధసంఘము పనిచేయుచుండెను. త్రాగుబోతు మగనిచేత దెబ్బలు తిన్న స్త్రీలమొర సత్యమైనది; అందు తప్పుబట్టుటకేమియు లేదు. క్రొత్తసంఘమువా రొక చిక్కని యుపాయము పన్నిరి. అభ్యర్థి ఏ కక్షివాడైనను సరే, సొంతనడవడి యెట్టిదైనను సరే, సారాకు వ్యతిరేకముగా చేయి ఎత్తునా లేదా యనునదొక్కటే ప్రశ్న. ఎత్తినవానికి చర్చీలలోని వోట్లన్నియు పడును. ఎత్తనివానికి ఒక్కటియు పడదు. ఇరుకక్షులును సరిసమానముగా నున్నచోట నూటికి పదివోట్లు ఒకచేతిలో నున్నచో, తక్కిన తొంబదింటిని లొంగదీయవచ్చును. ఈ లెక్క తెలిసిన నాయకులు 1919లో రాజ్యాంగమునే సవరింపజేసిరి. నిషేధము 1920లో అమలునకు వచ్చి, దొంగసారా రాజ్యమేలగా 1933లో రద్దయ్యెను. నిషేధము పోయినను లెక్క పోలేదు.

ఇచ్చట మన సీమకథ యొకటి చెప్పక తప్పదు. కలిగిరి మండలమందలి దూబగుంట మీకు పొరుగూరివంటిది. 1992లో అచ్చట రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, సారా వేలముపాటలు ఆపవలెనని పట్టుపట్టిరి. రోసమ్మగారి పేరు దేశమెల్ల మ్రోగెను. ఆ యలజడి జిల్లా దాటి రాష్ట్రమంతయు వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారానిషేధమునకును, 1994 ఎన్నికలలో నందమూరి తారకరామారావుగారి సంపూర్ణ మద్యనిషేధ వాగ్దానమునకును కారణమయ్యెను. 1995లో వచ్చిన ఆ నిషేధము 1997లో సడలినది. అమెరికాలోవలెనే యిచ్చటను చట్టము నిలువలేదు. కాని భేద మొకటి చూడుడు. దూబగుంట స్త్రీలు ఏ దేవుని యాజ్ఞయు చూపలేదు. కూలిడబ్బు సారాకొట్టుకు బోవుచున్నది, బిడ్డలు పస్తులున్నారు అనిరి. ఆ మాట హిందువు, తురక, క్రైస్తవుడు ఎవడైనను తూచి చూచి ఔననవచ్చును, కాదనవచ్చును. దేవుడు చెప్పెనన్న మాటకు అట్టి తూకము లేదు. నా బుద్ధికి తోచిన ముఖ్యభేద మిదియే.

మరల అమెరికాకు పోవుదము. 1925లో టెన్నెసీ రాష్ట్రమువారు, మనుష్యుడు క్రిందిజంతువులనుండి వచ్చెనని ప్రభుత్వపాఠశాలలలో చెప్పరాదని శాసనము చేసిరి. స్కోప్సు అను పంతులుపై అభియోగము తెచ్చి 100 డాలర్లు జుల్మానా వేసిరి. మూడుమార్లు అధ్యక్షపదవికి నిలిచి ఓడిన విలియం జెన్నింగ్సు బ్రయను మతపక్షమున వాదించి, తీర్పు వచ్చిన అయిదవనాడే మరణించెను. వ్యాజ్యము గెలిచినను దేశమందలి పత్రికలు నవ్విన నవ్వునకు మూలవాదులు కొంతకాలము రచ్చ విడిచి తమ చర్చీలలోనికి తగ్గిరి. సన్న్యసించిరని తలపవలదు. బడులు, కళాశాలలు, పత్రికలు కట్టుకొనిరి. అన్నిటికంటె ముఖ్యముగా రేడియోను పట్టుకొనిరి. చార్లెస్ ఫుల్లర్ ప్రసంగములు 1937 నుండి దేశమంతట వినబడెను. నే నీ మాటలు మీకు వినిపించుచున్న యంత్రమునకే అచ్చట అంతటి బలము వచ్చెను. తరువాత టెలివిజను వచ్చి దానిని రెట్టింపు చేసెను.

1928లో రోమను కథోలికుడైన ఆల్‌ స్మిత్‌ అధ్యక్షపదవికి నిలువగా, పోపు అమెరికాను ఏలునని భయపెట్టిరి. ఆయన ఓడెను. 1960లో కెనడీకిని ఆ చిక్కే వచ్చెను. ఆయన సెప్టెంబరు 12వ తేదీని హ్యూస్టను పట్టణమున పాదిరీల సభకే పోయి, తన మతగురువులు తనకు ఆజ్ఞ యిచ్చువారు కారని నిలిచి చెప్పి, ఆ యెన్నిక గెలిచెను. అప్పుడు గోడ గట్టిగా నుండవలెనని అడిగినవారిలో బాప్టిస్టు బోధకులు పెక్కురు. 1965లో వర్జీనియా బాప్టిస్టు పాదిరి జెర్రీ ఫాల్వెల్, బోధకుల పని ఆత్మలను రక్షించుటయే గాని రాజకీయము కాదని ప్రసంగించెను. నీగ్రోల హక్కులకొరకు ఊరేగింపులు నడపుచున్న మార్టిన్ లూథర్ కింగును దెప్పుటకే ఆ మాట. కింగును బాప్టిస్టు బోధకుడే.

ఆ ఫాల్వెల్‌గారే 1979లో మోరల్ మెజారిటీ యను రాజకీయసంఘము స్థాపించెను. ఈ మార్పు ఎట్లు వచ్చినది? 1962, 1963 సంవత్సరములలో సుప్రీముకోర్టు ప్రభుత్వబడులలో ప్రార్థన, బైబిలు పఠనము చేయింపరాదని తీర్పు చెప్పెను. 1973లో గర్భస్రావము స్త్రీహక్కని తీర్పు చెప్పెను. ఈ రెండవ తీర్పే వారిని వీధిలోనికి తెచ్చెనని వాడుక. కాని 1971లో సదరన్ బాప్టిస్టులే కొన్ని సందర్భములలో గర్భస్రావమును అనుమతించు చట్టములు కావలెనని తీర్మానించి యుండిరి. నల్లవారిని చేర్చుకొనని క్రైస్తవ విద్యాలయములకు పన్నుమినహాయింపు తీసివేయబూనుటయే మొదటి నిప్పురవ్వ యని కొందరు చరిత్రకారులు చూపియున్నారు. నాకును ఆ వాదము బలముగా తోచుచున్నది. మనుష్యుడు తన ఖజానా తాకబడినప్పుడు ధర్మమును జ్ఞాపకము తెచ్చుకొనుట ఒక్క అమెరికాలోనే జరుగునది కాదు.

1976లో గెలిచిన జిమ్మీ కార్టరు సదరన్ బాప్టిస్టు. ఆదివారపుబడి చెప్పిన భక్తుడు. 1980లో ఆయనను ఓడించుటకు మోరల్ మెజారిటీ పనిచేసి, చిత్రపరిశ్రమనుండి వచ్చి, విడాకులైన పిమ్మట మరల పెండ్లాడిన రోనాల్డు రీగనును నిలబెట్టెను. భక్తుని కాదని కార్యసాధకుని ఎన్నుకొనుట అప్పుడే స్థిరపడెను. సారాసంఘమువారి పాతలెక్కయే ఇది.

ఈ బలము పనిచేయు తీరు కొంచెము వివరింతును. అమెరికాలో కక్షి అభ్యర్థిని నాయకులు ఢిల్లీలో కూర్చుండి నిర్ణయించినట్లు నిర్ణయింపరు. ముందుగా ఆ కక్షివారిలోనే ఒక ఎన్నిక జరుగును. దానికి వచ్చి వోటువేయువారు బహుతక్కువ. ఆదివారము తప్పక చర్చికి బోవువాడు ఈ ఎన్నికకును తప్పక వచ్చును. కావున దేశమున కొద్దిమందియైనను ఈ గడపకడ వారు పెక్కుమందివలె లెక్కకు వత్తురు. వారికి నచ్చనివాడు గడపయే దాటలేడు. 1989లో పాట్ రాబర్ట్‌సను స్థాపించిన క్రిస్టియన్ కోయలిషను ఎన్నికకు ముందటి ఆదివారము చర్చీలలో కాగితములు పంచెడిది. వీరికి వోటు వేయుడని అందుండదు; గర్భస్రావము, బడిప్రార్థన మొదలగు ప్రశ్నలకు ఏ అభ్యర్థి ఏమనెనో పట్టికగా నుండును. 1954 నాటి చట్టము ప్రకారము పన్నుమినహాయింపుగల చర్చి అభ్యర్థిని బలపరచరాదు గదా! పేరు చెప్పకయే వ్రేలు చూపు నేర్పిది. 2025 జూలైలో ఆ చట్టము ఆరాధనలో బోధకుడు తన సభవారితో చెప్పు మాటలకు వర్తింపదని పన్నులశాఖవారు ఒక కోర్టులో ఒప్పుకొనిరి.

2016లో తెల్లవారైన సువార్తవాదులలో ప్రతి పదిమందికి సుమారు ఎనిమిదిమంది డోనాల్డు ట్రంపుకు వోటు వేసిరి. ఆయన మతనిష్ఠకు పేరుబడినవాడు కాడు. ధర్మాసనమునకు తమవారిని పంపుననియే వారి బేరము. 2017, 2018, 2020 సంవత్సరములలో ముగ్గురు న్యాయమూర్తులు నియమితులైరి. 2022 జూన్ 24వ తేదీని గర్భస్రావపు పాత తీర్పు కొట్టివేయబడెను. అర్ధశతాబ్దపు పట్టుదల నెరవేరినది. కాని ఆ ఆగస్టులోనే, భక్తులకు పేరుబడిన కాన్సాసు రాష్ట్రమున ప్రజలనే అడుగగా, హక్కు తీసివేయు సవరణను నూటికి 59 వోట్లతో కాదనిరి. ధర్మాసనమును గెలిచినవారు పొరుగింటివానిని గెలువలేదు. మరియొక నష్టము గలదు. 1970 ప్రాంతమున అమెరికాలో ఏ మతమును లేదనువారు నూటికి అయిదారుగురు. 2021లో ప్యూ సంస్థవారి లెక్కలో పదిమందికి సుమారు ముగ్గురు. పడుచువారు పలువురు చర్చి విడుచుటకు ఈ రాజకీయమే యొక కారణమని సమాజశాస్త్రజ్ఞులు కొందరు వ్రాసిరి. చర్చి ఒక కక్షి కార్యాలయమువలె కనబడినచో, ఆ కక్షి గిట్టనివాడు దేవునిని గూడ అచ్చటనే విడిచి వచ్చును.

అట్లయిన మతస్థుడు రాజకీయమాడరాదా? నే నట్లనను. బానిసత్వమును ఎదిరించిన పాదిరీలు లేకున్న, కింగు లేకున్న, ఆ దేశచరిత్ర వేరుగా నుండెడిది. నల్లవారి చర్చీలును ఎన్నికలలో పనిచేయునవే. అదే బైబిలు చదివి వారు చాలవరకు ఎదుటికక్షికి వోటు వేయుదురు. కింగు భక్తితోనే మాటలాడెను, కాని తాను కోరిన హక్కు తన మతము కానివానికిని సమానముగా కోరెను. తన మతమువానికి పెద్దపీట కావలెనని అడుగుట వేరు.

మనదేశమున ఈ ప్రశ్న వేరురూపమున వచ్చెను. 1920 ఎన్నికలనుండి మద్రాసు రాజధానిలో దేశీయక్రైస్తవులకు ప్రత్యేకనియోజకవర్గము లుండెను. క్రైస్తవుడు క్రైస్తవునికే వోటు వేయును. 1932లో బ్రిటిషు ప్రధాని దానిని మరల స్థిరపరచినప్పుడు, దోర్నకల్లు బిషపు అజరయ్యగారు గట్టిగా వ్యతిరేకించిరి. తిరునెల్వేలి నుండి వచ్చి తెలుగువారిలో బ్రతుకు ధారపోసిన ఆయన, 1912లో ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషపైనవారు. వోట్లకొరకు వేరుగోడ కట్టినచో సంఘము రాజకీయపక్షమగుననియు, మతముమార్పు తలలు లెక్కించు వ్యాపారముగా కనబడుననియు ఆయన భయము. తనవారికి లాభమని ఇచ్చినదానిని తనవారి మేలుకొరకే వలదనుట అరుదు. రాజ్యాంగసభలో 1949లో మతప్రత్యేకస్థానములు మానుకొన్నప్పుడు, మైనారిటీ ఉపసంఘమునకు పెద్దయైన హరేంద్రకుమార ముఖర్జీగారు క్రైస్తవులే.

డల్లాసు చుట్టుపట్ల మన తెలుగువారు వేలకొలది కాపురమున్నారు. అది టెక్సాసు రాష్ట్రము. 2025లో అచ్చటి శాసనసభ ప్రతి ప్రభుత్వపాఠశాల గదిలోను పది ఆజ్ఞల పటము తగిలింపవలెనని చట్టము చేసెను. క్రైస్తవులు, యూదులు, హిందువులు కూడి దానిపై వ్యాజ్యమాడిరి. ఆ గదిలో కూర్చుండు పిల్లవాడు మీ మనుమడై యుండవచ్చును. ఆ పటము మీకు కష్టముగా తోచినచో, మన పంచాయతీబడిలో మాదిగవాడలోని క్రైస్తవబాలుడు, తురకబాలుడు ఏ పటముక్రింద కూర్చుండవలయునో యోచించుట గూడ మీ పనియే.

మన చట్టము అమెరికాకంటె కఠినము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము 123వ విభాగము మతము, కులము, భాష పేర వోటడుగుటను అక్రమమని చెప్పుచున్నది. అభ్యర్థి మతమే గాక వోటరు మతము చెప్పి యడిగినను తప్పేయని 2017 జనవరి 2వ తేదీని సుప్రీముకోర్టున ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు తీర్పిచ్చిరి. తక్కిన ముగ్గురు ఒప్పుకొనలేదు. కులముచేత అణగినవాడు తన బాధ కులము పేరెత్తకుండ ఎట్లు చెప్పుకొనును అని వారి ప్రశ్న. అదియు త్రోసివేయదగిన మాట కాదు. మరియొక చట్టము పెద్దలకు తెలిసి యుండుట మంచిది. అది 1988 నాటిది. గుడిగాని, మసీదుగాని, చర్చిగాని, వాని ఆవరణగాని, వాని సొమ్ముగాని రాజకీయకార్యమునకు వాడనిచ్చిన ధర్మకర్తకు అయిదేండ్లవరకు ఖైదు, పదివేల రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. ఎన్నికలముందు రాములవారి గుడి మైకు ఎవరికి అరువిత్తురో, చర్చి వాకిట ఎవరి కరపత్రములు పంచనిత్తురో, ఆ చట్టము మాటలాడునది ఢిల్లీవారితో కాదు, ఆలయకమిటీలోను సంఘకమిటీలోను కూర్చున్న మీతోనే.